పో తమ్మీ, లెక్క పెట్టుకొని పో

జిన్నారం

తమ్మీ,

నీకు సీ షిఫ్టు, నాకు పగటి డ్యూటీ. నువ్వు నిద్ర లేచేసరికి నేను దవాఖాన వార్డుల ఉంటున్న, నేను ఇంటికొచ్చేసరికి నువ్వు కంపెనీ బస్సు ఎక్కుతున్నవు. నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ చేయించుకుందామనుకుంటున్న, ఎట్లుంటది అక్కా అని అడిగితివి. అది ఫోన్ల రెండు మాటలతోటి తెగే ముచ్చట కాదు. అమ్మేమో సూదులు అనంగనే బుగులు పడ్తున్నది. మీ షిఫ్టు ఇంచార్జేమో మూడు సిట్టింగులల్ల లేచి ఉరుకుతవ్ అంటున్నడట. అమ్మ అంత భయపడేది ఏం లేదు. ఇంచార్జి అంత గ్యారంటీ ఇచ్చేది కూడ ఏం లేదు. నా మెడ నొప్పికి నేను కూడ ఈ సూదులు పెట్టించుకున్నదాన్నే, అందుకే తీరిగ్గ రాస్తున్న. నా మాట ముందే చెప్తున్న: పోవుడుకు నేను అడ్డు చెప్ప. కాని రోగం ఏందో తెల్సుకోకుండ పోవద్దు, ఎన్నిసార్లు పోయి ఆపాల్నో అనుకోకుండ పోవద్దు.

మొదలు నడుము సంగతి. మన దిక్కు నడుము నొప్పి లేని ఇల్లు తక్వ. గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం, బొంతపల్లి, ఏ కంపెనీల చూసినా డ్రమ్ములు దొర్లిచ్చుడు, బస్తాలు లేపి ఒంపుడు, సెంట్రిఫ్యూజ్‌ల వంగి తడి పౌడర్ తోడుడు. ఇట్లాంటి పనితోటి కండరం పట్టేసి వచ్చే నొప్పి శానమందికి కొన్ని వారాలల్ల దానంతట అదే తగ్గుతది. అయితే అన్ని నడుము నొప్పులు కండరం నొప్పులు కావు. కాలుల బలం తగ్గి నడుస్తుంటే పాదం ఈడ్చుకపోవుడు, తొడల నడుమ, కూసునే జాగల మొద్దుబారుడు, ఒంటికి రెంటికి పట్టు తప్పుడు, వీటిల ఏ ఒక్కటి కనిపిచ్చినా సూదుల సెంటర్ దిక్కు చూడొద్దు, అదే రోజు పెద్ద దవాఖానకు పోవాలె. మాపటికి మాపటికి జ్వరం వస్తున్నా, రాత్రి చెమటలు పోస్తున్నా, తింటున్నా బరువు తగ్గుతున్నా వెన్నుపూసల టీబీ ఉందేమో చూడాలె. జారి పడ్డంకనో, డ్రమ్ము మీద పడ్డంకనో మొదలైన నొప్పైతే ఎముక సంగతి తేల్చుకోవాలె. నొప్పి పక్కటెముకల కింద మొదలై గజ్జలల్లకు దిగి, మూత్రం ఎర్రగ వస్తే కిడ్నీల రాయి కావచ్చు. సూది ఇవేవీ పట్టుకోదు. పైగ నొప్పిని జర తగ్గిచ్చి అసలు రోగాన్ని కప్పెట్టొచ్చు.

అందుకే ముందు రామచంద్రాపురం ఈఎస్ఐ దవాఖానకు పో. నీ జీతంల నుంచి నెలనెల 0.75 శాతం, కంపెనీ నుంచి 3.25 శాతం దానికే పోతున్నయి. ఆ హక్కు వాడుకోకుండ బజార్ల పైసలు పెట్టుడు ఎందుకు? డాక్టరు నిన్ను పండబెట్టి కాలు లేపి చూస్తడు, బొటనవేలు పైకి లేపమంటడు, మోకాలి కింద కొట్టి చూస్తడు. ఎక్స్‌రే, ఎంఆర్ఐ అందరికీ రాయరు, రాయలేదని చూసుడే లేదనుకోకు. ఇది మామూలు నడుము నొప్పే, ప్రమాదం లేదు అని చిట్టి మీద రాయించుకున్నంకనే మిగతా ముచ్చట.

ఇప్పటిదాక నువ్వు చేస్తున్నదేందో నాకు తెలుసు. నొప్పి లేచినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది ఏపిచ్చుకొని షిఫ్టుకు ఎక్కుతున్నవు. అది ఎప్పుడన్న ఒకసారికి సరే. వారం వారం పొడిపిచ్చుకుంటే కడుపుల పుండ్లు పడ్తయి, కిడ్నీలు దెబ్బతింటయి. అమ్మేమో ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లను వెతికి నడుము తొక్కిచ్చుకొమ్మంటున్నది. డిస్క్ జరిగి నరం ఒత్తుకుపోయిన నడుము మీద కాలు పెట్టుడు ఎంత ప్రమాదమో అమ్మకు చెప్పలేక, దానికంటే సన్నని సూదులే నయం కదనే అని నవ్వి ఊకున్న.

ఇగ సూదుల ముచ్చట. ఈ వైద్యం చైనాది, రెండు వేల ఏండ్లకు పైబడ్డది. ఒంట్లె చీ అనే ప్రాణశక్తి కొన్ని దారులల్ల పారుతదని, ఆ దారులల్ల ఉన్న బిందువుల దగ్గర సూది పెడితే అడ్డంకి పోతదని వాళ్ల నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల అసొంటి బిందువులు 361. ఆ దారులు కోసి చూస్తే కనపడేటివి కావు. ఇప్పటి డాక్టర్లు వేరే తీరుగ చెప్తరు: సూది తగిలినప్పుడు నరాలు మేల్కొని, నొప్పిని అణిచే ఎండార్ఫిన్ల అసొంటి రసాయనాలను ఒళ్లే విడుదల చేస్తదని. నువ్వు ఈ రెంట్ల ఏది నమ్మినా, ఏదీ నమ్మకపోయినా సూది పెట్టే తీరు ఒక్కటే.

ఇది మన దేశానికి వచ్చిన తొవ్వల మనోళ్లకు తెల్సిన ఊరు కూడ ఒకటున్నది. 1938ల జపాన్ దాడితోటి నలుగుతున్న చైనాకు మన కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. అండ్ల ద్వారకానాథ్ కోట్నిస్‌ది షోలాపూర్. మన తెలంగాణ పద్మశాలీలు మగ్గం పనికి పోయి తరతరాలుగ బతుకుతున్న ఊరే. సర్జన్‌గ అక్కడి సైనికులకు సేవ చేసుకుంట 1942ల ఆయన చైనాలనే పానం ఇడిచిండు. ఆయనతోటి పోయిన బిజయ్ కుమార్ బసు వాపసు వచ్చిండు. తర్వాత మళ్ల చైనాకు పోయి ఆక్యుపంక్చర్ నేర్చుకొని, 1959ల కలకత్తల మొదలుపెట్టిండు. పశ్చిమ బెంగాల్ 1996లనే దీనికి చట్టం చేసింది, మహారాష్ట్ర 2015 చట్టం తెచ్చింది. 2019 ఫిబ్రవరిల కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని విడి వైద్య విధానంగ గుర్తించింది.

గుర్తింపు వచ్చిందని బోర్డు పెట్టినోళ్లంత ఒక్క తీరు చదివినోళ్లు అనుకోకు. బీఎన్‌వైఎస్ డాక్టర్లు అంటే ప్రకృతి వైద్యం, యోగా ఐదున్నరేండ్లు చదివినోళ్లు. వాళ్ల చదువుల ఆక్యుపంక్చర్ ఒక పాఠం. కొందరు ఎంబీబీఎస్ డాక్టర్లు దీంట్ల విడిగ శిక్షణ తీసుకుంటరు. ఫిజియోథెరపీ వాళ్లు చేసే డ్రై నీడ్లింగ్ల సూది ఇదే, ఆలోచన వేరు: బిగుసుకున్న కండరం ముడిలకే గుచ్చుతరు. ఆక్యుప్రెషర్ల సూదే ఉండదు, వేలితోటి ఒత్తుతరు. వారాంతం క్లాసులకు పోయి సర్టిఫికెట్ గోడకు తగిలిచ్చుకున్నోళ్లు కూడ ఉంటరు. మీ ఇంచార్జి చెప్పిన సెంటర్ల డాక్టరు ఏం చదివిండో, ఎక్కడ రిజిస్టర్ అయిండో మొకం మీదనే అడుగు. సిగ్గు పడకు. చదివినోడు అడిగితే కోపానికి రాడు.

నన్నడిగితే అమీర్‌పేట పక్కన బల్కంపేటల సర్కారు ప్రకృతి చికిత్స దవాఖాన, కాలేజీ ఉన్నయి. ఎల్లమ్మ గుడి దిక్కే. బొల్లారం మీదికెళ్లి మియాపూర్ పోతే అక్కడి నుంచి అమీర్‌పేటకు ఒకటే మెట్రో. ఏ రోజు ఓపీ ఉంటది, ఆక్యుపంక్చర్ ఏ రోజు చేస్తరు అని ముందే కనుక్కొని పో, నైటు చేసిన కండ్లతోటి అంత దూరం పోయి వాపసు వచ్చుడు నరకం.

పోయే రోజు ముచ్చట్లు చెప్త. ఉత్త కడుపుతోటి పోవద్దు. శనివారం ఒక్కపొద్దు ఉంటవు గద, ఆ రోజు అసలే వద్దు. గంట, రెండు గంటల ముందు ఇంత తిని, నీళ్లు తాగి పో. నైటు డ్యూటీ దిగినోడివి దిగినట్టే పోకు, పండుకొని లేచి పో. కల్లైనా మందైనా తాగి పోవద్దు, మత్తుల నొప్పి సరిగ్గ తెలువది, రక్తం కూడ ఆగది. డ్యూటీ బట్టలు ఇడిచి స్నానం చేసి, మోకాళ్ల దాక మడిచేటందుకు వీలుండే వదులు ప్యాంటు ఏసుకో. సాల్వెంట్ వాసన బట్టలతోటి పోతే వాళ్లకు ఇబ్బంది, పైగ అక్కడ నిప్పుతోటి చేసే పని కూడ ఉంటది, అది కిందికి చెప్త. వాడుతున్న మందులన్ని ఒక కాయితం మీద రాసుకపో. రక్తం పలచబడే మందులు వాడేటోళ్లు, గుండెల పేస్‌మేకర్ ఉన్నోళ్లు అది ముందే చెప్పాలె. నీకు రెండూ లేవు కాని మీ రూమ్మేట్ నీ వెంబడి వస్తనంటున్నడు గద, ఆయనకు చెప్పు.

మొదటి రోజు సగం సేపు ముచ్చట్లకే పోతది. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, పొద్దున ఎక్వనా మాపటికి ఎక్వనా, నిద్ర పడ్తదా, మోషన్ ఎట్లున్నది అని అడుగుతరు. నాలుక చూపియ్యమంటరు, రెండు చేతుల నాడి పట్టుకొని చూస్తరు. నడుము నొప్పికి నాలుకతోటి ఏం పనిరా అనుకోకు, వాళ్ల పద్ధతి అది. ఈఎస్ఐ చిట్టి చూపియ్యి. నీ ముచ్చట ఒక్కటి వినకుండ, చిట్టి దిక్కు చూడకుండ బల్ల మీద పండుకో అన్నడనుకో, లేచి రా.

తర్వాత బోర్ల పండబెడ్తరు. మొదటిసారి కూసోబెట్టి చేస్తనంటే వద్దు, పండుకొనే చేయించుకో. ఇప్పుడు జర కండ్లు తెరిచి చూడాల్సింది ఒకటున్నది: సూది ప్యాకెట్. అది నీ ముందల చింపాలె. ప్యాకెట్ మీద స్టెరైల్ అని, ఒక్కసారికే అని, గడువు తేదీ రాసి ఉంటది. స్టీలు గిన్నెల స్పిరిట్ పోసి నానబెట్టిన సూదులు తీస్తే, నీ సూదులు నీకే డబ్బాల దాచిపెడ్తం అంటే దండం పెట్టి బయటికి రా. ఒకలకు గుచ్చిన సూది ఇంకొకలకు గుచ్చితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ అన్ని దాటుతయి. స్పిరిట్‌ల నానబెట్టుడు స్టెరిలైజ్ చేసినట్టు కాదు. వాడిన సూదులు వేసేటందుకు తెల్లటి గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉండాలె, సూది పొడుచుకొని బయటికి రాని తీరుది. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ అదే చెప్తున్నయి. మా వార్డుల నేను రోజు చూసే డబ్బానే. అది కనపడని జాగల వాడిన సూదులు ఎటు పోతున్నయో ఆలోచించుకో.

సూది ఎట్లుంటదంటే, మందు ఎక్కిచ్చే సూది తీరుగ నడుమ బొక్క ఉండదు. ఇంజక్షన్ సూది దగ్గరదగ్గర 0.6 మిల్లీమీటర్ల లావుంటే, ఇది 0.25 మిల్లీమీటర్లు. చూపుడువేలంత కూడ లేని సన్నని ప్లాస్టిక్ గొట్టంల సూది పెట్టి, గొట్టాన్ని చర్మానికి ఆనిచ్చి, పైన పొడుసుకొచ్చిన కొసను వేలితోటి టక్కున ఒక్కటి కొడ్తరు. సూది చర్మం దాటుతది, గొట్టం తీసేస్తరు. చర్మం దాటే ఆ చిన్న చురుకు నీకు తెలిస్తే తెలుస్తది, లేకపోతే లేదు. తర్వాత డాక్టరు రెండు వేళ్ల నడుమ సూదిని మెల్లగ తిప్పుకుంట లోపలికి దించుతడు. అప్పుడు చుట్టూ బరువు, లోపట సల్లగ గుంజుడు మొదలైతది, మొద్దుబారిన కాలుకు మళ్ల సోయి వస్తున్నప్పుడు ఉండే తీరుగ. వాళ్లు కోరుకునేది అదే. అందుకనే వచ్చిందా, వచ్చిందా అని అడుగుతరు. అదే కరెంటు కొట్టినట్టు సర్రున కాలులకు పాకితే, కోసినట్టు మండితే మాత్రం ఓర్చుకోకు, నరానికి తగిలిందేమో. సూది జర పైకి తియ్యమను.

నడుము నొప్పికి సూదులు నడుముకే పెడ్తరనుకోకు. వెన్నుకు రెండు దిక్కుల, మోకాలి వెనక మడత నడుమ, మడిమ దగ్గర, ఒక్కోసారి చేతికి కూడ పెడ్తరు. పది దాక సూదులు మామూలే. పెట్టినంక 20, 30 నిమిషాలు కదలకుండ పండుకోవాలె. దగ్గు వచ్చేటట్టుంటే ముందే చెప్పు, ఫోన్ బంద్ చెయ్యి, మూత్రానికి పోయొచ్చినంకనే పండుకో. కొందరు సూదులకు చిన్న క్లిప్పులు పెట్టి మిషన్ నుంచి సన్నని కరెంటు ఇస్తరు. కండరం టక్ టక్ మని కొట్టుకుంటది. ఎంత కావాల్నో చెప్పేది నువ్వే, ఎక్వైతే తగ్గియ్యమను. ఇంకొందరు ఒక ఎండు ఆకు చుట్టను అంటుపెట్టి చర్మానికి దగ్గర పట్టి వెచ్చ చేస్తరు, మోక్సా అంటరు. ఆ ఆకు నీకు కొత్తది కాదు, వినాయక చవితికి 21 పత్రిల మొదలు పెట్టే మాచిపత్రి జాతిదే. పొగ వస్తది, ఆయాసం ఉన్నోళ్లకు పడదు. కాలుతున్నదంటే వెంటనే చెప్పు. కప్పింగ్ కూడ చేస్తమంటే, రక్తం తీసే హిజామా తీరుగ కోతలు పెడ్తమంటే మొదటిసారికి వద్దను. ఒక్కటొక్కటిగ చేస్తేనే గద దేనితోటి ఏమైందో తెలిసేది.

నాకు మెడకు పెట్టినప్పుడు బల్ల మీదనే నిద్ర పట్టింది. అందరికీ అట్లనే కాదు, కొందరికి బుగులుతోటి కండ్లు తిరుగుతయి. చెమటలు పోసి, ఓకారం వచ్చి, చెవులల్ల గుయ్యిమంటే మగోన్ని అని బిగపట్టకు, పిలువు. సూదులు తీసేసి, కాళ్ల కింద దిండు పెడితే కొద్దిసేపట్ల సర్దుకుంటది. తీసేటప్పుడు సూదులు లెక్క పెడుతున్నరా చూడు. బోర్ల పండుకున్నోనికి ఎన్ని పెట్టిన్రో తెలువది, పిక్క మీద ఒకటి మరిచిపోయి నువ్వు ప్యాంటు ఏసుకున్నవంటే తిప్పలు. పెట్టంగ ఎన్ని, తియ్యంగ ఎన్ని అని అడుగు.

అయిపోయినంక ఒకటి రెండు జాగలల్ల రక్తం చుక్క రావచ్చు, చిన్న కమిలిన మచ్చ పడొచ్చు, ఒక రోజు నొప్పి జర పెరిగినట్టు కూడ ఉండొచ్చు. ఒళ్లంత బరువుగ, నిద్ర నిద్రగ ఉంటది. ఆ మబ్బుల నర్సాపూర్ రోడ్డు మీద లారీల నడుమ బండి నడపకు, బస్సుల పో. ఆ రోజు బరువులు లేపకు. వీపు పైభాగంల, భుజం దగ్గర సూది పెట్టినంక ఛాతిల పొడుసుకుంట నొప్పి, ఊపిరాడనట్టు అయితే మాత్రం రేపు చూద్దమనొద్దు, వెంటనే 108కు ఫోన్ చెయ్యి. సూది లోతుకు దిగి ఊపిరితిత్తికి తగిలితే అట్లయితది. శాన అరుదు, కాని అయితే ప్రమాదం.

ఇగ అసలు ప్రశ్న: తగ్గుతదా? వాట్సాప్‌ల వచ్చేటివి నమ్మకు. మత్తు లేకుండ సూదులతోనే ఆపరేషన్ చేసిన్రు అనే కథ ఇంకా తిరుగుతనే ఉన్నది. దాని వెనక ఒక అమెరికా విలేకరి ఉన్నడు. న్యూయార్క్ టైమ్స్ వాళ్ల జేమ్స్ రెస్టన్‌కు 1971 జులైల పెకింగ్‌ల అపెండిక్స్ ఆపరేషన్ అయింది. అది మామూలు మత్తు ఇంజక్షన్లతోనే చేసిన్రు. ఆక్యుపంక్చర్ చేసింది తర్వాత వచ్చిన కడుపుబ్బరానికి. ఆయన పేపర్ల రాసింది కూడ అదే. చెవులు మారి కథ అయింది.

సరైన లెక్క కావాల్నంటే జర్మనీ వాళ్లది చెప్త. 2007ల అచ్చైంది. ఏండ్ల తరబడి నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు భాగాలు చేసిన్రు. ఒక భాగానికి అసలు బిందువులల్ల సూదులు, రెండో భాగానికి ఉత్తుత్తి జాగలల్ల పైపైన సూదులు, మూడో భాగానికి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలలకు గుణం కనిపిచ్చింది మొదటోళ్లల్ల 47.6 శాతానికి, రెండోటోళ్లల్ల 44.2 శాతానికి, మూడోటోళ్లల్ల 27.4 శాతానికి. దీన్ని నిదానంగ చదువు. సూదులు పెట్టిచ్చుకున్నోళ్లకు ఎక్వ మందికి తగ్గిన మాట నిజం. సూది ఎక్కడ పెట్టినా దాదాపు ఒకటే తీరుగ తగ్గిన మాట కూడ నిజం. అంటే పండుకునే ఆ అరగంట, నీ నొప్పిని శ్రద్ధగ వినే మనిషి, తగ్గుతదన్న ఆశ, చర్మానికి తగిలే సూది, అన్ని కలిసి పని చేస్తున్నయన్నమాట. సగం మందికి పైగ గుణం రాలేదన్నది కూడ ఆ లెక్కలనే ఉన్నది. అందుకే ఎవరికీ తెలువని రహస్య బిందువు నాకే తెలుసు, దానికి రేటు వేరే అనేటోడు దొరికితే పక్కకు జరుగు.

పెద్ద డాక్టర్లల్ల కూడ ఒకటే మాట లేదు. 2017ల అమెరికా ఫిజీషియన్ల సంఘం నడుము నొప్పికి మందుల కంటె ముందు చూడాల్సిన వాటిల ఆక్యుపంక్చర్‌ను చేర్చింది. బ్రిటన్ల నైస్ అనే సర్కారు సంస్థ 2016ల నడుము నొప్పికి వద్దన్నది, 2021ల కారణం దొరకని పాత నొప్పులకు ఒక కోర్సు చూడొచ్చన్నది. నాకు నచ్చింది అమెరికా మెడికేర్ బీమా వాళ్ల పద్ధతి. 2020 జనవరి నుంచి పాత నడుము నొప్పికి 90 రోజులల్ల 12 సిట్టింగుల ఖర్చు వాళ్లే ఇస్తున్నరు. గుణం కనిపిస్తే ఇంకో 8. కనిపియ్యకపోతే బంద్. పైసలు కట్టేటోడు అట్లనే లెక్క చూసుకుంటడు. నీ పైసలు కట్టేటోడివి నువ్వే గద, నువ్వు కూడ అట్లనే చూసుకో.

పోక ముందే ఒక కాయితం మీద మూడు ముచ్చట్లు రాసుకో. ఈ రోజు నొప్పి పదికి ఎంత. బస్సుల ఎంతసేపు కూసోగల్గుతున్నవు. సేఫ్టీ బూట్ల లేసులు వంగి కట్టుకోగల్గుతున్నవా లేదా. వారంల రెండుసార్లు ఆరు సిట్టింగులు చేయించుకొని మళ్ల అవే మూడు చూడు. మారితే ఇంకో ఆరు. ఏం మారకపోతే మొహమాటం లేకుండ ఆపెయ్యి. ఒళ్లు అలవాటు పడాలె, విషం బయటికొస్తున్నది అందుకే నొప్పి, ఇంకో పది తీసుకో అంటే ఒప్పుకోకు. ముందే మొత్తం కడితే తగ్గింపు అనే ప్యాకేజీ కట్టకు, ఏ రోజుది ఆ రోజే ఇయ్యి.

మందులు మానెయ్యమనేటోళ్ల దగ్గరికైతే అసలే పోవద్దు. ఇది నీకంటె నాయిన కోసం చెప్తున్న. నీ వెంబడి నాయినను కూడ తీస్కపోదామని అమ్మ అంటున్నది. షుగర్ గోళీలు, బీపీ గోళీలు ఆపితేనే మా వైద్యం పని చేస్తది అనేటోళ్లు ఊర్లల్ల తిరుగుతున్నరు. 2024 ఫిబ్రవరిల తిరువనంతపురంల ఆక్యుపంక్చర్ చేసేటాయన మాట విని దవాఖానకు పోకుండ ఇంట్లనే కాన్పు చేయిస్తే తల్లి, బిడ్డ ఇద్దరు పోయిన్రు. ఆయనను పోలీసులు పట్టుకపోయిన్రు. నాయినకు పాదాలల్ల స్పర్శ తక్వైంది, చెప్పుల రాయి ఉన్నా తెలుస్తలేదు. అసొంటి కాళ్లకు సూది పుండైతది, మోక్సా వెచ్చ కాలినా తెలువది. నాయిన పాదాల జోలికి ఎవర్నీ పోనియ్యకు. మరదలికి నాలుగో నెల గద, కాళ్లు గుంజుతున్నయి అంటున్నదట. తను పోవాల్నంటే ముందు కాన్పు డాక్టరమ్మను అడగాలె. బొటనవేలు, చూపుడువేలు నడుమ ఉన్న బిందువు, చీలమండ పైన లోపటి దిక్కు బిందువు కడుపుతోని ఉన్నోళ్లకు వాళ్ల పుస్తకాలే వద్దంటయి.

చివరికి ఒక మాట. సూదులతోటి నీ నొప్పి సగం తగ్గిందే అనుకో, మర్నాడు మళ్ల అదే డ్రమ్మును నడుము తిప్పి లేపితే ఏం లాభం? నొప్పి తగ్గిన ఆ నాలుగు రోజులే నడక పెంచుకునేటందుకు, ఫిజియో నేర్పిన కసరత్తులు చేసేటందుకు పనికొస్తయి. వాటిని ఓవర్‌టైమ్‌కు ఒడగొట్టకు. డ్రమ్ము ట్రాలీ రిపేర్ల ఉన్నదని నెల నుంచి చెప్తున్నవు. సేఫ్టీ కమిటీకి రాతపూర్వకంగ ఇయ్యి, నీ ఒక్కని పేరు కాకుండ షిఫ్టోళ్లందరి సంతకాలు పెట్టియ్యి. ఈఎస్ఐ డాక్టరు విశ్రాంతి రాస్తే తీసుకో. ఆ రోజులకు జీతంల 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ వస్తది, ఏడాదికి 91 రోజుల దాక. అది నువ్వు కట్టుకున్న పైసలే, ఎవరి దయ కాదు.

ఈ ఉత్తరం అమ్మకు కూడ చదివి వినిపియ్యి, సూదుల లావు దగ్గర జర నిదానంగ చదువు. ఈఎస్ఐల చూపిచ్చుకున్నంకనే మొదటి సిట్టింగు. ఆరోది అయిపోయిన ఆదివారం ఆ కాయితం పట్టుకొని ఇంటికి రా. కొనసాగిద్దమా, బంద్ పెడ్దమా ఇద్దరం కూసొని చూద్దం.

మీ అక్క